డిస్క్ జారిందంటే: ఎక్కడ ఓపిక పట్టాలి, ఎక్కడ పరుగెత్తాలి

మా తెలుగు సంఘం ఆఫీసుకు వచ్చేవారు రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం సంగతులు అడిగాక, లేచేటప్పుడు నడుం పట్టుకుని ఇంకో మాట అడుగుతారు. "సెక్రటరీ గారూ, డిస్క్ జారిందన్నారు. ఆపరేషన్ తప్పదా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. షోలాపూర్ తూర్పు భాగంలో మనవాళ్ల బతుకు చాలాకాలంగా మరమగ్గం మీద, బీడీల చాట మీద నడిచింది. రెండూ నడుం మీద బరువు వేసే పనులే.

నేను డాక్టరును కాను, రిటైరైన గుమాస్తాను. అయితే సర్వీసులో ఉండగా రికార్డు రూములో పాత ఫైళ్ల కట్ట వంగి లేపబోయి నేనూ ఈ జబ్బు తెచ్చుకున్నాను. ఎడమ పిరుదు నుంచి బొటనవేలి దాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి. మూడు వారాలు మంచం దిగలేదు. తర్వాత తెలిసింది, ఆ మూడు వారాల మంచమే నేను చేసిన పెద్ద పొరపాటని. ఆనాటి నుంచి చదివింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, మనవాళ్ల ఇళ్లలో చూసింది కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది వైద్యానికి బదులు కాదు. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఇంట్లో అందరూ ఒకసారి చదువుకోవడానికి.

మొత్తం వ్యాసంలో గుర్తుంచుకోవలసింది రెండే ముక్కలు. డిస్క్ నొప్పి ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కాబట్టి ఓపిక పట్టాలి. కానీ కొన్ని సూచనలు కనబడితే ఒక్క పూట కూడా ఆగకూడదు, వాటిని సిగ్గుపడి దాచకూడదు.

డిస్క్ అంటే ఏమిటి

మన వెన్నెముకలో మెడ దగ్గర 7, వీపులో 12, నడుంలో 5 పూసలు ఉంటాయి. వాటి కింద త్రికాస్థి, దాని కొసన తోక ఎముక. మెడలో పైనున్న మొదటి రెండు పూసల మధ్య తప్ప, మిగతా పూసల మధ్య మెత్తటి దిండులా ఒక్కో డిస్క్ ఉంటుంది. మొత్తం 23. డిస్క్ పై భాగం గట్టి నార పొరలు, ఉల్లిపాయ పొరల్లా ఒకదాని మీద ఒకటి. లోపల జిగురు ముద్ద. చిన్న వయసులో ఆ ముద్దలో ఎక్కువ భాగం నీరే. వయసు పెరిగే కొద్దీ ఆరిపోతూ వస్తుంది.

డిస్క్‌కు నేరుగా రక్తనాళాల సరఫరా దాదాపు ఉండదు. పక్కనున్న ఎముక నుంచి నెమ్మదిగా ఊరే పోషకాలతోనే బతుకుతుంది. మనం కదులుతుంటే, డిస్క్ నొక్కుకుని మళ్లీ ఉబ్బుతుంటే, ఆ రాకపోకలు సాగుతాయి. రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే తెల్లవారి మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు దాకా పొడుగు ఉంటాం. అందుకే నిద్ర లేచిన మొదటి గంటలో నడుం బిగుసుకుని ఉంటుంది. ఆ గంటలో వంగి బరువులెత్తడం మంచిది కాదు.

"డిస్క్ జారింది" అన్న మాటే మనల్ని భయపెడుతుంది. ఏదో బిళ్ల జారి పక్కకు వచ్చిందని, ఎవరో నొక్కితే మళ్లీ లోపలికి పోతుందని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. డిస్క్ పూసలకు గట్టిగా అంటుకుని ఉంటుంది, జారదు. పై పొరలు బలహీనపడి చిట్లితే లోపలి ముద్ద కొంత బయటికి తోసుకొస్తుంది. రిపోర్టుల్లో రాసే మాటలు ఇందులో మెట్లు. చుట్టూ కొద్దిగా ఉబ్బితే బల్జ్, ఒక పక్కకు పొడుచుకొస్తే ప్రొట్రూజన్, ముద్ద పొర దాటి బయటికి వస్తే ఎక్స్‌ట్రూజన్, ముక్క తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్.

నడుం జబ్బు అయితే కాలు ఎందుకు లాగుతుంది

డిస్క్ వెనకే వెన్నునుంచి కాళ్లకు వెళ్లే నరాలు ఉంటాయి. బయటికి వచ్చిన ముద్ద నరం మొదలును నొక్కుతుంది. అంతకంటే ముఖ్యం, అక్కడ వాపు పుట్టిస్తుంది. నరం ఎక్కడ నలిగినా నొప్పి అది పోయే దారంతా తెలుస్తుంది. దీన్నే సయాటికా అంటారు. డిస్క్ చిట్లడమే ఈ నొప్పికి కారణం కావచ్చని అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో ఆపరేషన్ల ఆధారంతో చూపించారు. అప్పటినుంచే ఈ జబ్బు వైద్యులకు సరిగా అర్థమైంది.

నడుంలో వచ్చే డిస్క్ జబ్బుల్లో నూటికి తొంభైకి పైగా అడుగు రెండు డిస్కుల్లోనే వస్తాయి. రిపోర్టులో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని ఉంటుంది. నొప్పి పోయే దారిని బట్టి ఏ నరమో కొంత తెలుస్తుంది.

ఎల్4 నరం అయితే తొడ ముందు భాగం, మోకాలు, కాలి లోపలి వైపు. మెట్లు ఎక్కుతుంటే మోకాలు వదిలేసినట్టు ఉంటుంది.

ఎల్5 నరం అయితే పిరుదు, కాలి బయటి పక్క, పాదం పైభాగం, బొటనవేలు. బొటనవేలు పైకి లేపే బలం తగ్గుతుంది. ఎక్కువైతే పాదం ఈడుస్తూ నడుస్తారు, చెప్పు జారిపోతుంది.

ఎస్1 నరం అయితే పిక్క, మడమ, చిటికెన వేలు. మునివేళ్ల మీద నిలబడలేరు.

దగ్గినా, తుమ్మినా, విరేచనానికి ముక్కినా కాలిలో నొప్పి ఝల్లుమంటే డిస్క్ అనుమానం బలపడుతుంది. డాక్టరు మనల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకి లేపి చూడటం కూడా ఇందుకే.

మెడలో డిస్క్ వస్తే నొప్పి భుజం, చెయ్యి, వేళ్ల దాకా పోతుంది. ముఖ్యమైన తేడా ఒకటుంది. మెడలో వెన్నుపాము ఉంటుంది. అది నలిగితే చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలో గ్లాసు జారడం, నడకలో తూలడం మొదలవుతాయి. అప్పుడు నొప్పి లేకపోయినా ఆలస్యం చేయకూడదు.

కాలు లాగిందల్లా డిస్క్ కాదు

డిస్క్ నొప్పి ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య వస్తుంది. 60 దాటినవారికి కొంచెం దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటే అది వెన్ను కాలువ ఇరుకు కావడం కావచ్చు. షుగరు ఉన్నవారికి రెండు పాదాలూ మేజోళ్లు తొడిగినంత మేర తిమ్మిరెక్కితే అది షుగరు వల్ల నరాలు దెబ్బతినడం కావచ్చు. గజ్జలో నొప్పి, బాసిపట్టు వేసుకోలేకపోవడం తుంటి కీలు జబ్బు కావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నడుం నొప్పి ఉంటే వెన్ను క్షయ సంగతి తప్పక చూపించుకోవాలి. మన దేశంలో అది ఇప్పటికీ ఉంది. మందులతో నయమవుతుంది, ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోవచ్చు.

మన పనులు, మన నడుం

స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే డాక్టరు 1960లలో మనుషుల డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పుడు 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు సుమారు 25, కూర్చుంటే 140, కూర్చుని ముందుకు వంగితే 185. తర్వాత చేసిన కొలతల్లో అంకెలు కొంత మారాయి గానీ, ముందుకు వంగితే భారం పెరుగుతుందన్న మాట నిలిచింది.

ఇప్పుడు మన ఇళ్లు చూడండి. బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్లు నేల మీద కూర్చుని, చాట మీదికి వంగి, పూటంతా అలాగే ఉంటారు. మగ్గం కార్మికుడు బరువైన దారపు బీము ఎత్తుతాడు. మా ఊళ్లో నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ బిందెలు మోస్తారు. 15 లీటర్ల బిందె అంటే 15 కిలోలు, దాన్ని చంకన పెట్టుకుని పక్కకు ఒరిగి నడవడం. ఆఫీసు కుర్రాళ్లకు, ఆటో నడిపేవారికి రోజంతా కూర్చునే పని. దీనికి పొగ తాగడం, పొట్ట పెరగడం తోడవుతాయి. కొందరికి కుటుంబంలోనే వస్తుంది. కాబట్టి "ఏం పాపం చేశానో" అనుకోనక్కరలేదు.

మొదటి ఆరు వారాలు ఏం చేయాలి

మొదట మంచి వార్త. బయటికి వచ్చిన ముద్దను శరీరమే చాలాసార్లు కరిగించుకుంటుంది. చాలా అధ్యయనాలను కలిపి చూసి 2015లో అచ్చయిన ఒక పరిశీలనలో, తెగిపోయిన ముక్కలు నూటికి 96 మందిలో, పొర దాటిన ముద్దలు నూటికి 70 మందిలో వాటంతట అవే తగ్గాయి. కేవలం ఉబ్బినవి మాత్రం 13 మందిలోనే తగ్గాయి. అంటే రిపోర్టులో భయంకరంగా కనిపించే పెద్ద ముద్దే తొందరగా కరిగే అవకాశం ఎక్కువ. నొప్పి కూడా ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుతుంది.

రెండవ మాట, మంచం పట్టకండి. 1999లో నెదర్లాండ్స్‌లో సయాటికా ఉన్న 183 మందిని రెండు భాగాలు చేసి, ఒకరిని రెండు వారాలు మంచం మీద ఉంచారు, మరొకరిని వీలైనంత తిరగమన్నారు. మంచం మీద ఉన్నవారికి అదనంగా ఒరిగిందేమీ లేదు. భరించలేని నొప్పి ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు పడుకోవచ్చు. ఆ తర్వాత ఇంట్లోనే గంటకోసారి లేచి పది అడుగులు వేయాలి. రోజూ కాస్త కాస్త పెంచాలి. నేను మూడు వారాలు పడుకుని లేచేసరికి, నొప్పి కంటే కాళ్ల నీరసమే ఎక్కువగా బాధించింది.

పడుకునే తీరు. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. లేదా పక్కకు తిరిగి రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు. నేల మీదే పడుకోవాలన్న నియమం లేదు. మరీ మెత్తటి పరుపు, మరీ గట్టి బల్ల రెండూ వద్దు, మధ్యస్తంగా ఉన్నది చాలు.

లేచే తీరు. వెల్లకిలా ఉండి తిన్నగా లేవకండి. ముందు పక్కకు తిరగండి, కాళ్లు మంచం కిందికి వదలండి, చేతులతో నెట్టుకుని లేవండి.

వేడి నీళ్ల కాపడం హాయినిస్తుంది, పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకోవచ్చు. షుగరు ఉన్నవారు, కాలు మొద్దుబారినవారు వేడి తెలియక బొబ్బలు తెచ్చుకుంటారు. వారికి కాపడం పెట్టేటప్పుడు ఇంకొకరు చేతితో వేడి చూడాలి.

కొన్నాళ్లు నేల మీద కూర్చుని భోంచేయడం, పీట మీద కూర్చుని బట్టలు ఉతకడం మానండి. పూజ కుర్చీలో కూర్చుని చేసినా దేవుడు కాదనడు. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే నొప్పి పెరుగుతుంది. నడుం బెల్టు ప్రయాణాలకు, తప్పనిసరి పనులకు కొద్ది రోజులు పనికొస్తుంది. నెలల తరబడి కట్టుకుంటే నడుం కండరాలు పని మరిచిపోతాయి.

వ్యాయామం ఫిజియోథెరపిస్టు చూసి నేర్పాలి. అందరికీ ఒకటే సరిపడదు. కొందరికి బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపితే హాయిగా ఉంటుంది, కొందరికి మోకాళ్లు ఛాతీకి దగ్గరగా తెచ్చుకుంటే హాయి. తెలుసుకునే గుర్తు ఒకటుంది. వ్యాయామం చేస్తుంటే కాలి నొప్పి పాదం నుంచి పైకి, నడుం వైపు వెనక్కి వస్తుంటే మంచిది, నడుంలో కాస్త పెరిగినా సరే. నొప్పి కిందికి, పాదంలోకి దిగుతుంటే అది మీకు సరిపడదు, ఆపండి. వీడియో చూసి మొదటి రోజే ముందుకు వంగి పాదాలు అందుకునే ఆసనాలు వేయకండి.

మందుల సంగతి

మందుల షాపులో "నడుం నొప్పికి ఇవ్వండి" అంటే ఇచ్చే బిళ్లల్లో సాధారణంగా డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటివి ఉంటాయి. కొద్ది రోజులకు ఉపశమనం ఇస్తాయి. కానీ కడుపులో పుండు, బి.పి., మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందు వాడేవారు డాక్టరును అడగకుండా మింగకూడదు. మన పెద్దవాళ్లలో చాలామందికి వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కోవడం మరీ ప్రమాదం.

నరాల నొప్పికని ఇచ్చే ప్రెగాబాలిన్‌ను సయాటికాలో 2017లో ఆస్ట్రేలియాలో పరీక్షించారు. ఉత్తుత్తి బిళ్ల కంటే నొప్పి తగ్గించలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. మీకు అది రాసి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. "ఇది నాకు అవసరమా?" అని డాక్టరునే అడగండి. వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. అది శాశ్వత వైద్యం కాదు.

ఎం.ఆర్.ఐ. ఎప్పుడు

నొప్పి మొదలైన వారానికే వేలు పోసి ఎం.ఆర్.ఐ. తీయించి, ఆ కవరు పట్టుకుని సంఘానికి వచ్చేవారు ఉన్నారు. ఒక మాట తెలుసుకోండి. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కానింగులను కలిపి చూసిన ఒక పరిశీలనలో, 20 ఏళ్లవారిలో నూటికి 30 మందికి, 80 ఏళ్లవారిలో 84 మందికి డిస్క్ ఉబ్బి కనిపించింది. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినట్టే ఇదీ. రిపోర్టులో ఉన్నంత మాత్రాన నొప్పి దానివల్లే అని కాదు. కాలి బలం తగ్గుతున్నా, ప్రమాద సూచనలున్నా, ఆరు వారాల తర్వాతా తగ్గక ఇంజెక్షన్ లేదా ఆపరేషన్ ఆలోచిస్తున్నా ఎం.ఆర్.ఐ. కావాలి. మామూలు ఎక్స్‌రేలో డిస్క్ కనబడదు.

తన్నించడం, తొక్కించడం

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారితో తన్నించే ఆచారం మన పల్లెల్లో ఉంది. ఇక్కడ మరాఠీవాళ్లలోనూ అలా పుట్టినవారిని పాయాళూ అంటారు, అదే నమ్మకం. కండరం పట్టేసిన నొప్పి మూడు రోజుల్లో ఎలాగూ పోతుంది, పేరు తన్నినవారికి వస్తుంది. డిస్క్ చిట్లి నరం నలుగుతున్న మనిషిని తన్నినా, పిల్లలతో నడుం తొక్కించినా, మెడ చటుక్కున తిప్పినా నష్టం జరగవచ్చు. ఎముకలు బోలుగా ఉన్న ముసలివాళ్లకు పూస విరగవచ్చు. నూనె రాసి మెల్లగా మర్దన చేయించుకోవడానికి అభ్యంతరం లేదు. కాలిలో తిమ్మిరి, బలహీనత ఉంటే బలప్రయోగం మాత్రం వద్దు.

వెంటనే పరుగెత్తాల్సిన సూచనలు

ఇది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. మా వీధిలో బీడీలు చుట్టే ఒక వదినకు ఏడాదిగా నడుం నొప్పి. ఒక రోజు రెండు కాళ్లకూ నొప్పి పాకింది. మర్నాటి నుంచి మూత్రం రావడం కష్టమైంది. కూర్చుంటే కింద మొద్దుగా, దూది మీద కూర్చున్నట్టు ఉందట. కోడలికి చెప్పలేదు. కొడుకుకు చెప్పడానికి సిగ్గు. ఆసుపత్రికి వెళ్లినా, పక్కన కొడుకు ఉన్నాడని, వచ్చీరాని మరాఠీలో "కంబర్ దుఖ్‌తే" అని మాత్రం అంది. నొప్పి బిళ్లలిచ్చి పంపారు. నాలుగో రోజు పొట్ట ఉబ్బి, బట్టలు తడిసే పరిస్థితి వచ్చాక గానీ సంగతి బయటపడలేదు. ఆపరేషన్ అయింది, నడుస్తోంది. కానీ ఇప్పటికీ మూత్రానికి గొట్టం మీదే ఆధారపడింది. "మొదటి రోజే చెప్పి ఉంటే, వదినా" అని ఆమెను అనడానికి నాకు నోరు రాలేదు. అందుకే అందరికీ చెబుతున్నాను.

పెద్ద డిస్క్ ముక్క మధ్యలో పడి, మూత్రం, మలం, మర్మాంగాల స్పర్శ చూసే నరాల కట్టను నలిపేస్తే ఇలా అవుతుంది. డాక్టర్లు దీన్ని కాడా ఈక్వైనా అంటారు. ఇది అరుదు. కానీ వస్తే గంటలే లెక్క. ఈ కింది వాటిలో ఏది కనబడినా, రాత్రయినా పండగయినా, ఎం.ఆర్.ఐ., వెన్ను ఆపరేషన్ వసతి ఉన్న పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి అప్పుడే వెళ్లాలి.

1. మూత్రం రాకపోవడం, ధార సన్నబడటం, నిండినట్టు తెలియకపోవడం, తెలియకుండా పడిపోవడం.

2. మల విసర్జన మీద పట్టు తప్పడం.

3. రెండు తొడల మధ్య, మర్మాంగాల చుట్టూ, కూర్చునే చోట మొద్దుబారడం. కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలింది తెలియకపోవడం. కలయిక సమయంలో స్పర్శ తెలియకపోవడం.

4. రెండు కాళ్లకూ ఒకేసారి నొప్పి, తిమ్మిరి, బలహీనత రావడం.

5. పాదం పైకి లేవకుండా వేలాడటం, లేదా కాలి బలం రోజురోజుకూ తగ్గడం.

వీటితోపాటు నడుం నొప్పికి జ్వరం తోడైనా, ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నా, ముసలివాళ్లు జారిపడ్డాక నొప్పి మొదలైనా ఆలస్యం లేకుండా చూపించుకోవాలి.

ఇంట్లో కోడళ్లకు, కూతుళ్లకు ఒక విన్నపం. పెద్దవాళ్లకు నడుం నొప్పి వస్తే "అత్తయ్యా, మూత్రం సరిగా వస్తోందా? కింద తిమ్మిరిగా ఉందా?" అని మీరే అడగండి. వాళ్లు అడక్కుండా చెప్పరు.

ఆపరేషన్ ఎవరికి

పై ప్రమాద సూచనలు ఉన్నవారికి వెంటనే. మిగిలినవారికి తొందర లేదు. నెదర్లాండ్స్‌లో 283 మందితో చేసి 2007లో వెల్లడించిన పరీక్షలో, తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవారు, కోయించుకున్నవారు ఇద్దరూ సమానంగానే కోలుకున్నారు. ఆగినవారిలో నూటికి 39 మంది మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారన్నదీ నిజమే. కాబట్టి ఆపరేషన్ తప్పూ కాదు, తప్పనిసరీ కాదు. ఆరు నుంచి పన్నెండు వారాలు సరైన వైద్యం చేసినా కాలి నొప్పితో నిద్ర, పని రెండూ పోతుంటే, ఎం.ఆర్.ఐ.లో కనిపించేది నొప్పి దారితో సరిపోతుంటే, చేయించుకోవచ్చు. అది కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది, కేవలం నడుం నొప్పికి అంతగా కాదు. అదే చోట మళ్లీ డిస్క్ రావడం కొద్దిమందిలో ఉంటుంది. ప్రమాద సూచన లేనప్పుడు రెండో డాక్టరు అభిప్రాయం అడగడం ఎవరినీ అవమానించడం కాదు.

డాక్టరుకు ఏ భాషలో చెప్పాలి

మనం ఇంట్లో తెలుగు, బజారులో రాష్ట్ర భాష మాట్లాడతాం. బేరమాడటానికి సరిపోయే భాష ఒంటి బాధ చెప్పడానికి చాలదు. ముఖ్యంగా ఇల్లు దాటని పెద్ద ఆడవాళ్లకు. ఈ మాటలు దగ్గర ఉంచుకోండి.

మహారాష్ట్రలో నడుం నొప్పికి "కంబర్ దుఖ్‌తే", తిమ్మిరికి "ముంగ్యా యేతాత్", మొద్దుబారితే "బధీర్ ఝాలం".

కర్ణాటకలో "సొంట నోవు", తిమ్మిరికి "జోము", మొద్దుబారితే "మరగట్టిదె".

తమిళనాడులో "ఇడుప్పు వలి", మొద్దుబారితే "మరత్తుప్ పోచ్చు".

ఒడిశాలో "అంటా బింధుచి", తిమ్మిరికి "ఝిమ్‌ఝిమ్ లాగుచి".

యానాం వారికి ఊళ్లో తెలుగే చాలు. పుదుచ్చేరి జిప్‌మర్‌కు పంపితే మాత్రం తమిళ మాటలు పనికొస్తాయి.

ఇంకా మంచి పని, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లడం. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుండగా, ఎక్కడినుంచి ఎక్కడికి పోతోంది, ఏ వేలు తిమ్మిరి, ఏం చేస్తే పెరుగుతుంది, మూత్రం మలం ఎలా ఉన్నాయి, ఇప్పుడు వాడే మందులు. గుమాస్తా బుద్ధి అనుకోండి, కాగితం మీద ఉన్నది మరిచిపోము, సిగ్గుపడము. ఆడవాళ్లతో ఆడమనిషినే తోడు పంపండి. మగపిల్లలు కాసేపు బయట నిలబడితే తప్పు లేదు.

ఖర్చు, కార్డులు

అర్హత ఉన్న కుటుంబానికి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉంటుంది. 2024 నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఈ కార్డు ఇస్తున్నారు. మహారాష్ట్రలో మహాత్మా జోతీరావ్ ఫులే జన ఆరోగ్య యోజన, తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా ఉన్నాయి. ఇ.ఎస్.ఐ. కోత పడే కార్మికులు ఆ ఆసుపత్రికే ముందు వెళ్లాలి. చేరేముందు ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర అడగండి: ఈ ఆసుపత్రిలో, ఈ ఆపరేషన్‌కు, నా కార్డు చెల్లుతుందా? ఆధార్‌లో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందో ఇప్పుడే చూసుకోండి. మన ఇంటిపేర్లు మరాఠీలో, కన్నడంలో రాసేటప్పుడు తప్పులు పడటం నాకు అనుభవమే. ఆ తప్పు నొప్పి వచ్చిన రోజు దిద్దలేం.

మళ్లీ రాకుండా

బరువు ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచండి. వస్తువును ఒంటికి ఆనించుకోండి. ఎత్తాక నడుం మెలి తిప్పకండి, పాదాలు తిప్పి తిరగండి. పెద్ద బిందె ఒకటి బదులు చిన్న బకెట్లు రెండు, రెండు చేతుల్లో. మగ్గం బీము ఇద్దరు పట్టండి. బీడీలు చుట్టేవారు గోడకు ఆనుకుని, కింద మందపాటి దిండు వేసుకుని, చాటను ఎత్తు పీట మీద పెట్టుకోండి. ఒక కట్ట అయ్యాక లేచి వాకిలి దాకా నడిచి రండి. రోజూ అరగంట నడక. పొగ మానండి.

నాకు మళ్లీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మంచం పట్టలేదు, ఆపరేషన్ కాలేదు, రెండు నెలల్లో తగ్గింది. ఇప్పుడు పొద్దున్నే గుడి దాకా నడిచి వస్తాను. దారిలో ఆ వదిన అరుగు మీద కూర్చుని కనిపిస్తుంది. తన సంగతి పేరు లేకుండా రాయమని ఆమే అంది. "నలుగురు ఆడవాళ్లు చదివి నోరు విప్పితే చాలు అన్నయ్యా" అంది. ఈ వ్యాసం మీ ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే, దయచేసి వాళ్లకు చదివి వినిపించండి.